నా బండి నేను పెట్టిన చోట లేదు

ఫిబ్రవరిలో నాన్నకి కళ్ళ పరీక్ష ఉంటే కొత్తపేట తీసుకెళ్ళా. గుంటూరు వాళ్ళకి కొత్తపేట గురించి చెప్పక్కర్లేదు, బయటి వాళ్ళ కోసం చెప్తున్నా, ఒక హాస్పిటల్ గోడ అయిపోయిన దగ్గర ఇంకో హాస్పిటల్ గోడ మొదలవుద్ది, మధ్యలో మందుల షాపులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, ఇడ్లీ బండ్లు, కొబ్బరిబోండాల బండ్లు, పల్లెల నుంచి పేషెంట్లని తెచ్చిన ఆటోలు, వీటన్నిటి సందుల్లోంచి అంబులెన్స్ రావాలి. 1866లో మున్సిపాలిటీ అయిన ఊరు మనది. పాత పేటల్లో రోడ్లు అప్పటివాళ్ళ అవసరానికి వేసినవి, ఇప్పుడు ఇంటికి రెండు బండ్లు.

నాది యాక్టివా, ఆరేళ్ళ బండి. మెయిన్ రోడ్డు వదిలేసి పక్క సందులోకి తిప్పితే మూసి ఉన్న ఒక షట్టర్ ముందు అప్పటికే పది పన్నెండు టూ వీలర్లు వరసగా ఉన్నాయి, ఆ వరస చివర్లో పెట్టా. అటూ ఇటూ చూశా, నో పార్కింగ్ బోర్డు లేదు, ఎవరి గేటూ కాదు, ఫుట్‌పాత్ అసలు లేనే లేదు అక్కడ. సైడ్ స్టాండు వేసి హ్యాండిల్ లాక్ చేసి నాన్న చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించా. ఇంకొంచెం దూరంలో ఖాళీగా ఉన్న చోట పెట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్ళు ఉంటారు, డెబ్భై దాటిన మనిషికి కళ్ళల్లో చుక్కల మందు వేశాక కొన్ని గంటలు ముందున్నది మసగ్గా కనపడుద్ది, ఆ మనిషిని ఆ ట్రాఫిక్‌లో అరకిలోమీటరు నడిపించమని నేనైతే ఎవరికీ చెప్పను.

గంటన్నర తర్వాత బయటికొస్తే బండి నేను పెట్టిన చోట లేదు. గుండె ఆగినంత పనైంది, పోయిందనుకున్నా. తీరా చూస్తే ఇరవై అడుగుల అవతల మలుపు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉంది, ముందు చక్రం డ్రైన్ పలక మీద, వెనక సగం రోడ్డులోకి. హ్యాండిల్ లాక్ వేసినట్టే ఉంది. నేను పెట్టిన చోట ఒక తెల్ల కారు ఉంది. నాన్న ఎండకి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు కాబట్టి ఎవర్నీ ఏమీ అడక్కుండా ఇంటికొచ్చేశాం.

రెండు రోజులకి మెసేజ్ వచ్చింది, చలానా. సైట్లోకి వెళ్ళి చూస్తే ఫోటోలో నా నంబర్ ప్లేటు, దాని పైన టెయిల్ లైటు, పక్కన ట్రాన్స్‌ఫార్మర్ కంచె ముక్క. అంతే ఉంది. రోడ్డు కనపడదు, ఎవరికి అడ్డమొచ్చిందో కనపడదు. స్థలం దగ్గర పేట పేరు ఒక్కటే రాసి ఉంది. డబ్బు వందల్లోనే, మా ఆయన అయితే "కట్టేయ్, ఒక పూట జీతం పోగొట్టుకుని స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు" అన్నాడు. మా ఇంట్లోనే కాదు, ఈ మాట అనని ఇల్లు ఉండదేమో. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలా.

ఎందుకంటే ఇంతకుముందు రెండు చలానాలు నోరు మూసుకుని కట్టా, అవి న్యాయం కాబట్టి కట్టా. ఒకటి అరండల్‌పేటలో ఫుట్‌పాత్ మీద ఎక్కించి పెట్టినందుకు, రెండు నిమిషాల పని అనుకుని వెళ్ళా, తిరిగొచ్చేసరికి చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన నా బండిని తప్పించుకోడానికి ఫుట్‌పాత్ దిగి బస్సులు తిరిగే రోడ్డు మీదకి వెళ్తున్నాడు, అది కళ్ళారా చూశాక ఫైన్ ఎంతైనా తక్కువే అనిపించింది. రెండోది బస్టాప్ ముందు పెట్టినందుకు. మన దేశంలో 2017 నాటి డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ఉన్నాయి, అంతకుముందు 1989వి ఉండేవి, బండి ఎక్కడెక్కడ ఆపకూడదో అందులో రాశారు, ఫుట్‌పాత్ మీద, జనం రోడ్డు దాటే గీతల దగ్గర, జంక్షన్ దగ్గర, బస్టాప్ దగ్గర, స్కూలు గేటు, హాస్పిటల్ గేటు దగ్గర, ఎవరి గేటుకైనా అడ్డంగా, ట్రాఫిక్ బోర్డు కనపడకుండా, ఇలా. ఒక్కటి కూడా తీసేయాల్సింది లేదు అందులో. చట్టం మీద నాకు కోపం లేదు, చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యట్లేదని నా బాధ.

నా చలానా సెక్షన్ 122 కింద రాశారు. మోటారు వాహనాల చట్టం 1988లో ఆ సెక్షన్ తీసి చదివా. పబ్లిక్ ప్లేసులో ఇతరులకి ప్రమాదం గానీ అడ్డం గానీ అనవసరమైన ఇబ్బంది గానీ కలిగేటట్టు బండిని వదిలేయకూడదు, అలా ఉండనివ్వకూడదు అని దాని సారం. ఈ పని ఎవరు చేయకూడదు అంటే "బండి ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి". అంటే బండిని అలా పెట్టడమో, అలా ఉందని తెలిసీ ఉండనివ్వడమో నేను చేసి ఉండాలి. శిక్ష సెక్షన్ 177 లోది, 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి 500, తర్వాత 1500 దాకా, అంతకుముందు అది 100, 300 ఉండేది.

మెసేజ్ వచ్చిన మరునాడే ఆ సందులో మందుల షాపు సీసీ కెమెరా ఫుటేజీ కోసం వెళ్ళా. అదే నన్ను కాపాడింది. మందుల షాపు అన్నని అడిగితే ఆయన మంచివాడు, నాన్నకి చుక్కల మందు కూడా అక్కడే కొన్నాం కాబట్టి గుర్తుపట్టాడు, "పదిహేను రోజులే ఉంటదమ్మా, తర్వాత దాని మీదే ఎక్కిపోద్ది, ముందే వచ్చారు మంచిపని చేశారు" అని కెమెరా రికార్డర్, డీవీఆర్ అంటారు, తెరిచి చూపించాడు. నేను లోపలికి వెళ్ళిన పావుగంటకి ఇద్దరు మనుషులొచ్చారు, ఒకరు వెనక క్యారియర్ కడ్డీ, ఒకరు ముందు హ్యాండిలు పట్టుకుని ఎత్తి ఎత్తి పక్కకి జరిపారు, అలా నాలుగు బండ్లు. తర్వాత తెల్ల కారు వచ్చి ఆ ఖాళీలో దూరింది. ఆ స్క్రీన్ మొత్తం నా ఫోన్‌తో వీడియో తీసుకున్నా, మూలన డేటూ టైమూ కనపడేటట్టు.

అక్కడ నాకు తట్టిన సంగతి ఇంతవరకు ఎవరూ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. కారుకి హ్యాండ్ బ్రేకు వేసి తలుపు లాక్ చేసి వెళ్తే తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటది. స్కూటర్ అలా కాదు. యాక్టివా బరువు నూటఆరు కిలోలు అటూ ఇటూ, ఇద్దరు మగాళ్ళు వెనక చక్రం లేపితే హ్యాండిల్ లాక్ ఉన్నా గిర్రున తిరుగుద్ది. వాచ్‌మన్ జరుపుతాడు, షాపు కుర్రాడు జరుపుతాడు, మన పక్క బండి వాడు తన బండి తీసుకోడానికి మనది అవతలికి లాగి అలాగే వదిలేసి పోతాడు. మనూళ్ళో స్కూటర్ నడిపే ఏ ఆడమనిషిని అడిగినా చెప్పుద్ది, పెట్టిన చోట పెట్టినట్టు బండి దొరికిన రోజులు ఎంత తక్కువో. అలాంటప్పుడు మధ్యాహ్నం రెండింటికి బండి ఎక్కడుందో చూసి ఒంటిగంటకి దాన్ని పెట్టిన మనిషి తప్పు చేసిందని ఎలా తేల్చేస్తారు.

ఈ మాటే స్టేషన్‌లో చెప్పా. ఏ స్టేషనో రాయను, అక్కడున్నాయన కూడా చెడ్డవాడు కాదు, పొద్దున్నుంచి ఎండలో నిలబడి వచ్చిన మనిషి.

"ఫోటోలో ఉన్న బండి మీదేనా అమ్మా?"

"నాదే సార్, కానీ అక్కడ పెట్టింది నేను కాదు. చూడండి వీడియో ఉంది."

"ఎవరు పెడితే ఏందమ్మా, రోడ్డుకి అడ్డంగా ఉందా లేదా?"

నిజమే, ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా తప్పించుకుంటే నా వాదన నిలబడదు. అంబులెన్స్ అక్కడ ఇరుక్కుంటే లోపలున్న మనిషికి నా బండి ఎవరు జరిపారన్నది అనవసరం. కాకపోతే ఆయన రెండు వేరు వేరు పనుల్ని ఒకటి చేస్తున్నాడు. అడ్డం తీసేయడం ఒక పని, శిక్ష వేయడం ఇంకో పని. అడ్డంగా ఉన్న బండిని ఎవరిదైనా సరే, ఎవరు పెట్టినా సరే తీసేయొచ్చు, తీసేయాలి, దానికి సెక్షన్ 127 ఉంది, పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టిన బండిని గానీ పది గంటలకి మించి పడి ఉన్న బండిని గానీ యూనిఫాంలో ఉన్న ఆ ఏరియా పోలీసు ఆఫీసరు చెప్తే టోయింగ్ చేయొచ్చు, చక్రానికి క్లాంపు వేయొచ్చు, ప్రమాదకరంగా ఉంటే వెంటనే తీయించొచ్చు, ఆ ఖర్చు కూడా ఓనరే పెట్టుకోవాలి. ఆ ఖర్చు అడిగినా నేను ఇచ్చేదాన్ని, గొడవ పెట్టుకునేదాన్ని కాదు. కానీ నువ్వు నేరం చేశావు అని నా పేరు మీద రాయాలంటే నేను చేసిన పని ఒకటి ఉండాలి కదా. అడ్డంగా ఉన్న బండిని ఫోటో తీసి అక్కడే వదిలేసి వెళ్తే అంబులెన్స్‌కి దారి వచ్చినట్టా? నేను బయటికి వచ్చేదాకా ఆ వెనక సగం రోడ్డులోనే ఉంది మరి.

ఇక ఫోటో సంగతి. 2021 ఆగస్టులో కేంద్రం మోటారు వాహనాల రూల్స్‌లో 167ఏ అని కొత్త రూలు చేర్చింది. కెమెరాలు, స్పీడ్ గన్‌లు, పోలీసుల బాడీ కెమెరాలు లాంటి వాటితో చలానా వేస్తే ఏమేం ఉండాలో అందులో రాశారు. నేరం ఏంటో స్పష్టంగా కనపడే ఫోటో, నంబర్ ప్లేటు, తేదీ, టైము, స్థలం, ఏ సెక్షన్ తప్పారో చెప్పే నోటీసు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్, ఇవి ఉండాలి, నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలని కూడా 2021లో ఆ రూలులో పెట్టారు. పార్కింగ్ కూడా ఆ రూలు కింద కెమెరాతో పట్టుకోగల నేరాల్లో ఉంది. ఆ సర్టిఫికెట్ పాత ఎవిడెన్స్ చట్టంలో 65బి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 63. ఈ రూలు మొత్తంలో నాకు నచ్చిన మాట ఒక్కటే, ఫోటోలో నేరం కనపడాలి. హెల్మెట్ లేకపోతే ఫోటోలో బోడి తల కనపడుద్ది, ముగ్గురు ఎక్కితే ముగ్గురూ కనపడతారు. పార్కింగ్‌కి నంబర్ ప్లేటు క్లోజప్ తీస్తే అందులో ఏం కనపడుద్ది, ఆ బండి ఈ భూమి మీద ఎక్కడో ఆగి ఉందన్నది తప్ప. రెండడుగులు వెనక్కి వేసి రోడ్డు, బోర్డు, గీత కనపడేటట్టు తీస్తే తప్పు చేసినవాడు నోరెత్తలేడు, చేయనివాడికి చలానా పడదు. పోలీసులకి కూడా అదే మేలు, స్టేషన్‌కి వచ్చి వాదించే నాలాంటి వాళ్ళు తగ్గుతారు.

చలానా కట్టడమంటే ఏంటో కూడా చాలామందికి తెలీదు, నాకూ తెలీదు మొన్నటిదాకా. సైట్లో పే నొక్కామంటే సెక్షన్ 200 కింద రాజీ చేసుకున్నట్టు, కాంపౌండింగ్ అంటారు. రాజీ అంటే ఇష్టమైతేనే. వద్దనుకుంటే కోర్టుదాకా వెళ్ళొచ్చు, అది మన హక్కు, పోలీసాయన దయ కాదు. కోర్టు అనగానే భయపడక్కర్లేదు, చిన్న కేసులు సెక్షన్ 208 కింద క్లుప్తంగా విచారిస్తారు, సమన్లలోనే ఉంటది, మనం వెళ్ళకపోయినా లాయర్ వెళ్ళొచ్చు అని. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12లో, ఫోన్ 15100. స్కూటర్ మన పేరు మీద ఉంటే ఆ లాయర్‌ని మనం అడగొచ్చు, ఇది మా కాలనీలో పది మందికి చెప్పా, ఒక్కరికి కూడా ముందు తెలీదు. ఇంకోటి, జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు ఆరు నెలల్లోపు విచారణకి తీసుకోవాలి, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 468, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 514. న్యాయం కోసం అవసరమనుకుంటే ఆ ఆలస్యాన్ని కోర్టు మన్నించొచ్చు, అయినా ఎప్పుడో మూడేళ్ళ నాటి పార్కింగ్ చలానా తీసి ఇప్పుడు కట్టమంటే ఈ సెక్షన్ సంగతి అడగటంలో తప్పులేదు.

నంబర్ తప్పు పడిన చలానాల గోల వేరే ఉంది, దాని గురించి ఎక్కువ రాయను. పాత బండ్లకి ఏపీ 07 అంటే గుంటూరు అని తెలిసేది, 2019లో కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక ఒక్క అక్షరం తప్పు కొడితే ఆ చలానా శ్రీకాకుళంలో ఉన్న మనిషికి వెళ్ళొచ్చు. అలాంటిది వస్తే ఫోటోలో బండి రంగూ మోడలూ మీ ఆర్సీతో పోల్చి చూపిస్తే చాలు. అమ్మేసిన బండికి చలానా వస్తే మాత్రం కొంత తప్పు మనదే, ఇదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఓకి చెప్పమంటుంది సెక్షన్ 50, మనలో ఎంతమంది చెప్తున్నాం.

అసలు కడుపుమంట ఇంకోటి. బండి ఎక్కడ పెట్టకూడదో చెప్పేవాళ్ళు వందమంది, ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. చట్టంలో సెక్షన్ 117 ఉంది, ఎక్కడ బండ్లు ఆపొచ్చో ఎంతసేపు ఆపొచ్చో రాష్ట్ర ప్రభుత్వం గానీ అది అధికారం ఇచ్చిన వాళ్ళు గానీ స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించొచ్చు. దాని వెనకే 116 ఉంది, బోర్డులు పెట్టే అధికారం. ఈ రెండూ వాడకుండా తిన్నగా 122కి వెళ్ళిపోతే అది ఆట నియమాలు చెప్పకుండా అవుట్ ఇచ్చినట్టు ఉంటది.

బ్రాడీపేటలో ఏ లైన్లోకైనా వెళ్ళండి, ఏ అడ్డరోడ్డులోకైనా తిరగండి, బోర్డులకి కొదవలేదు, "ఇచ్చట బండ్లు పెట్టరాదు, పెట్టినచో గాలి తీయబడును". ఆ బోర్డులు ఇంటివాళ్ళవీ షాపువాళ్ళవీ. గేటుకి అడ్డంగా పెడితే బోర్డు ఉన్నా లేకపోయినా తప్పే, కానీ గేటు పక్కన ఇరవై అడుగుల ప్రహరీ వెంట ఉన్న రోడ్డు ఆ ఇంటిది కాదు. రాళ్ళు పేర్చడం, పూలకుండీలు పెట్టడం, తాడు కట్టడం, వాచ్‌మన్‌కి కుర్చీ వేయడం, ఇవన్నీ రోడ్డుని ఆక్రమించుకోవడమే. గాలి తీసే హక్కు ఎవరికీ లేదు. చలానా వేయాల్సింది వీటికి కదా ముందు, మా బండ్లు రోడ్డు మధ్యకి వచ్చేది వీటివల్లే కదా. ఇది ఎవరి మీదో కక్షతో అనట్లేదు, మా అత్తగారి ఇంటి ముందు కూడా రెండు కుండీలు ఉండేవి, చెప్పి చెప్పి తీయించా, ఇప్పుడు అక్కడ టిఫిన్ సెంటర్‌కి వచ్చేవాళ్ళ బండ్లు మూడు పడుతున్నాయి.

జాగా లేదంటారు. లెక్క వేద్దాం. ఒక కారు పార్కింగ్‌కి మామూలుగా లెక్కేసేది ఐదు మీటర్లు పొడవు, రెండున్నర మీటర్లు వెడల్పు. యాక్టివా పొడవు 1833 మిల్లీమీటర్లు, వెడల్పు 697. రోడ్డుకి అడ్డంగా నిలువునా పేర్చినా ఆ కారు జాగాలో ఆరు స్కూటర్లు హాయిగా పడతాయి, మధ్యలో మనిషి కాలు పెట్టేంత సందు వదిలి కూడా. నా బండిని జరిపి కారు పెట్టిన రోజు ఆ సందులో జరిగింది అదే, నాలుగు కుటుంబాల బండ్లు తీసి ఒక కారుకి చోటు చేశారు. మళ్ళీ సెక్షన్ 177కి బండి సైజుతో పనిలేదు, కారుకీ స్కూటర్‌కీ ఒకే జరిమానా. లక్షలు పెట్టి కారు కొన్న మనిషికి 500 ఒక కాఫీ టిఫిన్ ఖర్చు, ఇళ్ళల్లో పనిచేసుకుంటూ వాయిదాల మీద స్కూటీ కొనుక్కున్న మా పనమ్మాయికి అది ఒక రోజు కూలి. చలానా రేట్లు బండి ఆక్రమించే జాగాని బట్టి ఉండాలని నా అభిప్రాయం, ఇందులో వింతేం లేదు, టోల్ గేట్ల దగ్గర బండిని బట్టి తీసుకోవట్లేదా.

ఇంకో జాగా కూడా ఉంది, అది నేల కింద ఉంది. హాస్పిటళ్ళకీ కాంప్లెక్సులకీ ప్లాన్ ఇచ్చేటప్పుడు పార్కింగ్ చూపిస్తేనే అనుమతి, మన రాష్ట్రంలో 2017 బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి, జీవో 119. ప్లాన్ కాగితంలో సెల్లార్ అంటే పార్కింగ్. లోపలికి వెళ్ళి చూస్తే చాలా చోట్ల సెల్లార్‌లో ల్యాబు, ఎక్స్‌రే గది, మందుల కౌంటరు, క్యాంటీను. ఖాళీ ఉన్న నాలుగు గజాల్లో డాక్టర్ల కార్లు. పేషెంటు బండి వీధిలో, వీధిలో ఉన్నందుకు చలానా పేషెంటుకి. ఇది నాకు అర్థమైనప్పుడు నిజంగా ఏడుపొచ్చింది, నాన్న లాంటి వాళ్ళు డబ్బు పెట్టి వైద్యానికి వచ్చి వీధిలో నేరస్తులు అవుతున్నారు.

విజయవాడలో ఉండే మా చెల్లి కూడా ఇదే పాట, 61.88 చదరపు కిలోమీటర్ల ఊళ్ళో పది లక్షల పైన జనం, బీసెంట్ రోడ్డులో చీర కొనడానికి వెళ్తే బండి పెట్టే చోటు వెతుక్కోడానికే అరగంట, సూర్యారావుపేట హాస్పిటళ్ళ దగ్గర మన కొత్తపేట కథే. ఒక్క సంగతి మాత్రం బాగుపడింది, 2025 ఏప్రిల్ నుంచి మాల్స్‌లో మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఫ్రీ చేశారు, కొన్న బిల్లు చూపిస్తే ఇంకాసేపు. చిన్నదే కావచ్చు, జనం అడగ్గా అడగ్గా వచ్చింది. హాస్పిటళ్ళ దగ్గర కూడా అలాంటిది ఒకటి ఎందుకు ఉండకూడదు, ఓపీ చీటీ చూపిస్తే సెల్లార్‌లో టూ వీలర్‌కి చోటు ఇచ్చి తీరాలని.

నా చలానా ఏమైందో చెప్పలేదు కదా. మొదటిసారి వెళ్ళినప్పుడు పని కాలేదు. ఈ-చలాన్ పరివాహన్ సైట్లో గ్రీవెన్స్ అని ఉంటది, అందులో చలానా నంబరు కొట్టి రెండు స్క్రీన్‌షాట్లు పెట్టా, ఒకటి నేను బండి పెట్టి లాక్ చేస్తున్నది, ఒకటి వాళ్ళు ఎత్తుతున్నది. నాలుగు రోజులాగి ప్రింట్లు తీసుకుని, ఓపీ చీటీ, దాని మీద ఉన్న టైము, మందుల షాపులో ఫోన్‌పే చేసిన టైము అన్నీ వరసగా ఒక తెల్లకాగితం మీద రాసి అర్జీగా ఇచ్చా. ఈసారి ఎస్సై గారు ఉన్నారు. వీడియో రెండుసార్లు చూశారు. "లాక్ వేసిన బండిని ఎత్తి పెట్టారే" అని పక్కనున్న వాళ్ళకి కూడా చూపించారు. అర్జీ కాపీ మీద స్టాంపు వేయమంటే వేసిచ్చారు, ఇది మాత్రం ఎవరూ మర్చిపోవద్దు, స్టాంపు లేకపోతే మనం వెళ్ళినట్టే లెక్క కాదు. మూడు వారాలకి సైట్లో చూస్తే నా నంబర్ మీద పెండింగ్ ఏమీ లేదు.

మా ఆయన "గెలిచావుగా" అన్నాడు. నాకు అలా అనిపించలా. తీసేశామని ఒక మెసేజ్ లేదు, ఎందుకు తీసేశారో ఒక వాక్యం లేదు. అదే రోజు అదే వరసలోంచి ఎత్తిన మిగతా మూడు బండ్ల వాళ్ళు చలానాలు పడి ఉంటే కట్టేసి ఉంటారు, నా అర్జీ వల్ల వాళ్ళకి ఒరిగింది లేదు. కారణం రాసి ఉంటే రేపు ఇంకొకరు అది చూపించుకునేవాళ్ళు. పైగా ఆ సందులో ఇప్పటికీ గీత లేదు, బోర్డు లేదు, మొన్న శనివారం నాన్నని మళ్ళీ చూపించడానికి వెళ్తే అదే షట్టర్ ముందు అదే వరస. పెట్టాను, పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి షట్టర్ మీద షాపు పేరు, పక్క బండ్లు, రోడ్డు అన్నీ పడేటట్టు ఫోటో తీసుకుని మందుల షాపు అన్నకి చెప్పి లోపలికి వెళ్ళా. నాన్న "ఏందే ఇదంతా" అని విసుక్కున్నాడు.

మార్చి 10న పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి సమాచార హక్కు దరఖాస్తు వేశా. నాలుగే అడిగా, ఆ రోడ్లలో టూ వీలర్లు పెట్టుకోడానికి సెక్షన్ 117 కింద ఏయే చోట్లు నిర్ణయించారు, ఆ ఉత్తర్వు కాపీ, నో పార్కింగ్ అని ప్రకటించిన చోట్ల లిస్టు, ఆ రోడ్డు మీద పెద్ద భవనాల ప్లాన్లలో పార్కింగ్‌గా చూపించిన సెల్లార్లు ఎన్ని చదరపు మీటర్లు. ఏప్రిల్ 9కి ముప్పై రోజులు అవుద్ది. రాకపోతే వేయాల్సిన మొదటి అప్పీలు రాసి పెట్టుకున్నా, తేదీ వేసే చోటు ఒక్కటే ఖాళీగా ఉంది.